వెనక మోకు

మొన్న ఆదివారం మా మనవడు మంగలి షాపు నుంచి కొత్త అవతారంతో ఇంటికొచ్చాడు. కుడి కనుబొమ మధ్యలో రేజరుతో సన్నగా ఒక సందు పెట్టించుకున్నాడు. మా అమ్మాయి వాణ్ణి గుమ్మంలోనే ఆపి కడిగేస్తోంది. "సోమవారం నిన్ను స్కూల్లోకి రానిస్తారా? ఎవరు చెప్పారు నీకీ తెలివి?" వాడు నేల చూపులు చూస్తూ ఒకే మాట అన్నాడు.

"అందరూ చేయించుకున్నారమ్మా."

"అందరూ అంటే ఎంతమందిరా?" కుర్చీలోంచి అడిగాను నేను.

"నలుగురు, తాతయ్యా."

నాకు నవ్వాగలేదు. పొలమారి దగ్గు వచ్చేదాకా నవ్వాను. "నువ్వు నవ్వు నాన్నా, రేపు రెండో కనుబొమ కూడా తీయించుకొస్తాడు" అని మా అమ్మాయి విసవిసా లోపలికి వెళ్ళిపోయింది. నేనేం చేయను? వాడి వయసులో నాకూ 'అందరూ' అంటే నలుగురే. అదీ నాతో కలిపి.

మా ఊరికి కోటప్పకొండ మూడు మైళ్ళు. మాఘమాసం వచ్చిందంటే మా ఊళ్ళో రెండు వాసనలు పోటీ పడేవి. ఒకటి కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు. బస్సు దిగిన కొత్తవాడు వరసగా మూడు తుమ్ములు తుమ్మితేనే ఊరు వాణ్ణి ఒప్పుకున్నట్టు లెక్క. ఆ రోజుల్లో పండుమిరపకాయలు చింతపండుతో కలిపి రోట్లో తొక్కి, వెల్లుల్లి వేసిన పచ్చడి ప్రతి ఇంట్లోనూ ఉండేది. వేడన్నంలో కలుపుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే ముక్కు చీదుకుంటూ మళ్ళీ అదే కావాలని అడిగేవాళ్ళం. "నోరు మండుతుంటే ఆపొచ్చుగదరా" అనేది మా అమ్మ. ఎట్లా ఆపడం? పక్క పీట మీద బాబాయి కొడుకు ఆపలేదు కదా!

రెండో వాసన పచ్చి వెదురుది. శివరాత్రికి మా ఊరి నుంచి కొండకు ప్రభ వెళ్ళాలి. ప్రభ అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను. అరవై అడుగుల వెదురు చట్రం కట్టి, దానికి రంగు గుడ్డలు, అద్దాలు, కాగితం పూలు తొడిగి, ఎడ్లబండి మీద నిలువునా నిలబెడతారు. అంత ఎత్తుది పడిపోకుండా పైనుంచి నాలుగు వైపులా మోకులు దిగుతాయి. ఒక్కో మోకును ఎనిమిదిమంది మగవాళ్ళు పట్టుకుని, ఎటు ఒరిగితే అటు ఎదురు లాగుతూ కొండదాకా నడుస్తారు. చూసేవాళ్ళందరూ అద్దాల్ని చూస్తారు. మా ఇంట్లో మాత్రం అందరి కళ్ళూ మోకుల మీదే, ఎందుకంటే ఆ నాలుగు మోకుల బాధ్యత మా తాతది.

మా తాత మోకుల్ని చంటిపిల్లల్లా సాకేవాడు. మణికట్టంత లావు జనపనార మోకులవి, ఒక్కోటి ఇరవై బారలు, బారంటే చాచిన రెండు చేతుల పొడవు. శివరాత్రి వారం ఉందనగా వాటిని వాకిట్లో పరిచి, అంగుళం అంగుళం అరచేత్తో తడిమి, ఆముదం పట్టించి, బారలు కొలిచి, చుట్టలు చుట్టేవాడు. పైకొసకు పసుపుదారం కట్టి కొబ్బరికాయ కొట్టి, వాటిని కొట్టంలో పెట్టి తాళం వేసేవాడు. ఇక అంతే. ప్రభ లేపే ఘడియ వరకూ ఆ చుట్టల్ని ఎవరూ విప్పకూడదు, చివరికి ఆయన కూడా. అది మా ఊరి కట్టుబాటు.

నేను పక్కన కూర్చుని ఆముదం గిన్నె పట్టుకునేవాణ్ణి. "తాతా, ప్రభ లేపేటప్పుడు మోకు కిర్రుమంటది గదా, తెగుద్దని నీకు భయంగా ఉండదా?" అని ఒకసారి అడిగాను.

"పిచ్చి నాయనా, కిర్రుమనేది తెగదురా. బరువు పడిందయ్యా, చూసుకోమని మనకు చెప్తా ఉంటది. కిమ్మనకుండా ఉండేది చూశావూ, దాంతోనే చానా జాగర్తగా ఉండాల."

పెద్దవాళ్ళ మాటలు అప్పుడెక్కడ ఎక్కుతాయి? నా బుర్రంతా మా ప్రభ మీద ఉంది.

అవును, మాకూ ఒక ప్రభ ఉండేది. పెద్దప్రభ బయల్దేరే ముందురోజు సాయంత్రం పిల్లల ప్రభలు ఊళ్ళో తిరిగేవి, మర్నాడు పెద్దదాని వెనకే కొండకు వెళ్ళేవి. ఎగువ బజారుది మాది, దిగువ బజారుది ఒకటి. పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళు మరుసటి ఏడు పెద్దప్రభ దగ్గరికి వెళ్ళిపోవాలి కాబట్టి, ఆ సంవత్సరం మాకు ఆఖరిది. ఆఖరిదంటే ఊరు పదేళ్ళు చెప్పుకోవాలి కదా!

మేం నలుగురం. మా నాయకుడు రైసుమిల్లు వాళ్ళబ్బాయి, వాణ్ణి మిల్లోడనేవాళ్ళం. ఊళ్ళో మొట్టమొదట బెల్‌బాటం ప్యాంటు వేసినవాడు వాడే. వాడు వేశాక నేను ఎనిమిది రోజులు అన్నం మాని సాధించి, మా నాన్న పాత ప్యాంటుకు కింద గుడ్డ అతికించి కుట్టించుకున్నాను. రెండోవాడు సైకిల్ షాపు భాయ్ గారి కొడుకు. వాళ్ళింట్లో నమాజు, వాడి ఒంట్లో ప్రభ. వాడి చేతిలో స్పానరు లేని రోజు నేను చూడలేదు. మూడోవాడు బడిలో మాకు లెక్కలు చెప్పే టీచరమ్మ కొడుకు. ఆదివారం పొద్దున చర్చిలో పాడి, మధ్యాహ్నానికి మాతోపాటు వెదురు చీల్చేవాడు. నాలుగోవాణ్ణి నేను, మోకుల తాత మనవణ్ణి.

మిల్లోడి దగ్గర ఒక మంత్రం ఉండేది. ఏదైనా పని తలపెట్టగానే మా ముగ్గురి మొహాల్లోకి చూసి, "ఎవడికన్నా భయమైతే ఇప్పుడే చెప్పండ్రా" అనేవాడు. అంతే. పక్కవాడు చెప్పడు, వాడి పక్కవాడూ చెప్పడు, నేనెందుకు చెప్తాను? ఆ ఒక్క ప్రశ్నతో మేం పక్క ఊరి తోటలో జామకాయలు కోశాం, మొదటిసారి బీడీ తాగి చింతచెట్టు కింద నలుగురం వరసగా కక్కుకున్నాం. కక్కుకుంటూ కూడా "బాగుంది కదరా" అనుకున్నాం!

ఆ ఏడు మా తురుపుముక్క సైకిల్ షాపోడి బుర్రలోంచి వచ్చింది. ప్రభ బండి మీద ఒక సైకిల్ను స్టాండు వేసి గట్టిగా కట్టేస్తాం. ఒకడు ఎక్కి తొక్కుతుంటాడు. వెనక చక్రానికి డైనమో. డైనమో నుంచి తీగ ప్రభ కొసదాకా. కొసన ఆరు బల్బులు! పెద్దప్రభకు నరసరావుపేట నుంచి జనరేటరు తెస్తేగానీ వెలుగు లేదు, మా పిల్లప్రభ సొంత కాళ్ళతో వెలుగుతుందన్నమాట. ఆ మాట వినగానే మేం ముగ్గురం వాణ్ణి ఎత్తి గిరగిరా తిప్పాం. నాకు మూడు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఇంతలో పిడుగులాంటి కబురు తెచ్చాడు టీచరమ్మ కొడుకు. మిల్లు తవుడు గదిలో కూర్చుని కాగితం పూలు చేస్తున్నాం. వాడు రొప్పుకుంటూ వచ్చి, "ఒరేయ్, దిగువ బజారోళ్ళు పేట పోయి కొత్త తాళ్ళు తెచ్చారంటరా. మనయి చేదతాళ్ళని తెలిసి ఒకటే నవ్వులు. బావిలో బొక్కెన తోడతారా, ప్రభ లేపతారా అంటన్నారు" అన్నాడు.

తవుడు గది ఒక్కసారి చల్లబడింది. నిజమే, మా నాలుగు తాళ్ళలో రెండు మరీ పాతవి, పోగులు లేచిపోయాయి. డైనమో సంబరమంతా ఎటో పోయింది. నవ్వుతున్నారంట! పద్నాలుగేళ్ళప్పుడు ఆ మాటకంటే పెద్ద దెబ్బ ఏముంది?

అప్పుడే పెద్దప్రభ మోకుల మాట వచ్చింది. చుట్ట పైకొసకు పసుపుదారం ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకుంటే తెలుస్తుంది. లోపలి కొసను గుంజి ఆరు బారలు కోస్తే, పైకి చుట్ట చుట్టలాగే ఉంటుంది. ఆరు బారలూ మనకు రెండు తాళ్ళు. ఇరవై బారల్లో ఆరు పోతే ఏమవుతుందిలే అనుకున్నాం.

"ఎవడికన్నా భయమైతే ఇప్పుడే చెప్పండ్రా" అన్నాడు మిల్లోడు.

ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం తాత కాలవకు స్నానానికి వెళ్ళినప్పుడు కొట్టం తలుపు తీసింది నేనే. కొడవలి పట్టింది కూడా నేనే, మా ఇంటి తాళాలు తెలిసినవాణ్ణి కదా. ఆముదం పట్టిన మోకు కొడవలికి లొంగలేదు. ఒక్కో పోగూ తెగుతుంటే చేతికి జిడ్డు, ఒకసారి కొడవలి జారి చుట్ట అడుగున గాటు పడింది. పక్కన ముగ్గురూ "కానీ, కానీ" అంటున్నారు. ఒక్కణ్ణే ఉంటే ఆ మోకు మీద గోరు గీత కూడా పెట్టేవాణ్ణి కాదు. ముగ్గురు చూస్తుండగా ఆపడం మాత్రం నా చేత కాలేదు.

శివరాత్రి ముందురోజు సాయంత్రం, పొద్దు గూకే వేళ, మా ప్రభ లేచింది. ఏం లేచిందనుకున్నారు! పన్నెండు అడుగులు, ఎర్రగుడ్డ, నడుమ టీచరమ్మ ఇచ్చిన తెల్లచీర, నాలుగు వైపులా లావుపాటి తాళ్ళు. కోసిన మోకు ఎవరూ గుర్తుపట్టకుండా వాటికి గులాబీరంగు కాగితం చుట్టాం. సైకిల్ షాపోడు "ఎక్కరా" అన్నాడు. నేనే ఎక్కాను. తొక్కాను. డైనమో గర్రుమంది. కొసన ఆరు బల్బులు మొదట మినుకుమని, తర్వాత భగ్గున వెలిగాయి!

బజారంతా హోరెత్తిపోయింది. దిగువ బజారువాళ్ళు తమ ప్రభ వదిలేసి మా వెనక పరుగెత్తుకొచ్చారు. కల్లాల్లో మిరపకాయలు తిరగేస్తున్న ఆడవాళ్ళు కొంగులు దులుపుకుని వచ్చారు. ఒక అవ్వ "ఒరేయ్, తొక్కటం ఆపబాకండ్రా, నా కళ్ళకు ఇప్పుడే ఆనతంది" అని అరిచింది. నేను తొక్కీ తొక్కీ తొడలు పట్టేసినా ఆపలేదు. అంత ఆనందం నాకు ఆ తర్వాత చాలా తక్కువసార్లు దొరికింది, నా పెళ్ళిలో కూడా దొరకలేదు.

తాత వచ్చాడు. తలెత్తి బల్బుల్ని చూసి, సైకిల్ షాపోడి వీపు తట్టాడు. తర్వాత ఆయన చేయి అలవాటుగా తాడు మీదికి వెళ్ళింది. "తాళ్ళక్కూడా చీరలు కట్టారేందిరా!" అని నవ్వాడు. కాగితం మీద ఆయన వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. నా కాళ్ళు పెడలు మీద ఆగాయి. బల్బులు ఆరిపోయాయి. చెప్పేయాలనిపించింది. మిల్లోడు నా మోకాలు మీద గిల్లాడు. "తొక్కరా" అని జనం అరిచారు. నేను తొక్కాను. నిజం చెప్పాలంటే అయిదు నిమిషాల్లో మర్చిపోయాను కూడా.

తెల్లవారుజామున పెద్దప్రభ దగ్గరికి ఊరు ఊరంతా చేరింది. డప్పులు, కొబ్బరికాయలు, ఉడికించిన చిలగడదుంపల వాసన. పడుకోబెట్టిన ప్రభను ముందువైపు రెండు మోకులతో లాగుతూ లేపుతారు. వెనక మోకు దానికి కళ్ళెం. చుట్ట మీద నుంచి కొంచెం కొంచెంగా వదులుతూ, ప్రభ నిలువుగా వచ్చాక బిగబట్టి ఆపాలి. ఆపకపోతే అరవై అడుగుల ప్రభ ముందుకు తూలి లాగేవాళ్ళ మీదే పడుతుంది. ఇదంతా పుట్టినప్పటి నుంచి నాకు తెలుసు. మేం కోసింది మాత్రం ఏ మోకునో చూసుకోలేదు. తాత చేయి వేసి నిలబడ్డ చుట్టను చూశాను. దాని అడుగున కొడవలి జారి చేసిన గాటు. వెనక మోకే!

"హైలెస్సా" అన్నారు. ప్రభ లేచింది. ముందు మోకుల దగ్గర పదహారుమంది. అందులో మా నాన్న ఉన్నాడు. సైకిల్ షాపు భాయ్ ఉన్నాడు.

చుట్ట తరుగుతోంది. ఏటా ప్రభ సగం లేచేసరికి చుట్ట సగం ఉండేది. ఇప్పుడు సగం లేచేసరికి నాలుగు మెలికలే మిగిలాయి. తాత చూపు ప్రభ కొస మీదే ఉంది, చుట్ట మీద లేదు. కొలిచి కట్టినవాడికి అనుమానం ఎందుకొస్తుంది?

మిల్లోడి చేయి నా భుజం మీద పడింది. "నోర్మూసుకో. సరిపోద్దిలే" అన్నాడు చెవిలో. మిగతా ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. మూడు మెలికలు. డప్పులు. మా నాన్న నవ్వుతూ లాగుతున్నాడు.

"తాతా! మోకు చాలదు! ఆపండి! వెనక మోకు పొట్టిది!"

ఆ గొంతు నాదేనని నాకే తెలియలేదు. డప్పులు ఆగాయి. తాత చుట్ట వైపు చూశాడు, ఒక్క కేక పెట్టాడు. "పంగలకర్రలు ఎయ్యండి!" పదిమంది ఉరికి ప్రభ కింద కర్రలు పెట్టారు. మెల్లగా, అంగుళం అంగుళం, దాన్ని మళ్ళీ పడుకోబెట్టారు. అప్పుడు తాత చుట్ట లోపలి కొస చేతిలోకి తీసుకున్నాడు. కొడవలి కోత అది. ఎలుక కొరికింది కాదు, ఒరిసి తెగింది కాదు.

"ఎవురు?" అన్నాడు.

"నేనే తాతా."

ఊరంతా నన్నే చూస్తోంది. భూమి చీలితే బాగుండుననిపించింది. అప్పుడు పక్కనుంచి సన్నగా వినిపించింది. "నేనూ ఉండా తాతా." సైకిల్ షాపోడు. వాడి నాన్న మోకు వదిలేసి వాడి వైపు వస్తున్నా వాడు కదల్లేదు. "నేను కూడా" అన్నాడు టీచరమ్మ కొడుకు. అందరికంటే ఆఖరున, ప్యాంటు బెల్టు పట్టుకుని, "నేనుగూడా" అన్నాడు మిల్లోడు. రోజూ మమ్మల్ని లాక్కెళ్ళేవాణ్ణి ఆ రోజు మేం లాక్కొచ్చాం.

తాత తిట్టలేదు. "ఆ ముక్కలు పట్రాండి" అన్నాడు.

మా ప్రభను మేమే దించాం. గులాబీరంగు కాగితం మేమే చింపాం. అది కొండ చూడలేదు. ఏడవకూడదనుకుంటూనే నలుగురం ఏడ్చాం. తాత నేల మీద కూర్చుని, మోకు పేటలు విప్పి, ఒకదానిలో ఒకటి దూర్చి జడ అల్లినట్టు అల్లడం మొదలుపెట్టాడు. ముడి వేస్తే జారుతుంది, అల్లితేనే ఒకటవుతుంది. రెండు గంటలు పట్టింది. మిగతా ఊళ్ళ ప్రభలన్నీ మమ్మల్ని దాటి వెళ్ళిపోతుంటే మా ఊరు తల వంచుకుని కూర్చుంది. ఆ రెండు గంటలూ జనం తిట్టింది మాత్రం మిల్లోణ్ణే. "వీడేరా, వీడే చెడగొట్టాడు పిల్లల్ని." వాడు తలెత్తలేదు.

రెండు అతుకుల్లో ఒక బార పోయింది. తాత కొసకు ఇంకో చిన్న తాడు కలిపి, దానికి వరసగా నాలుగు ఉచ్చులు వేసి మా ముందు పెట్టాడు. "ఆ తగ్గిన బార మీరే. కొండదాకా ఎవుడూ వదలబాకండి."

ప్రభ లేచింది. ఈసారి సరిపోయింది. తిరునాళ్ళకు వెళ్ళే దారిలో మూడు మైళ్ళు, వెనక మోకు కొసన మేం నలుగురం! పెద్దప్రభ మోకు ముట్టుకోవడానికి ఇంకో ఏడాది ఆగాల్సిన వాళ్ళం. సిగ్గూ గర్వమూ రెండూ కలిసి ఒళ్ళంతా జ్వరంలా ఉంది. కాలవ వంతెన మీద గాలి కొట్టింది. ప్రభ ఊగింది. మోకు కిర్రుమంది. మా అరచేతులు చర్మం లేచిపోయినా ఒక్కడూ వదల్లేదు, పక్కవాడు వదల్లేదు కదా మరి! కొండ కింద పచ్చి చేతులతోనే బెల్లం జీళ్ళు తిన్నాం, చెరకు నమిలాం. చూస్తే తాత నా పక్కన కూర్చున్నాడు. "ఆలిస్యంగానన్నా కిర్రుమన్నావు, పోనీలే" అన్నాడు. ఇంటికెళ్ళాక మా అమ్మ చీపురు తిరగేసింది, అది వేరే సంగతి.

ఇప్పుడు ప్రభలకు ఇనుప గొట్టాలు, లేపడానికి క్రేన్లు. చుట్టలకు పసుపుదారం కట్టేవాళ్ళు లేరు. తాత పోయి ముప్పయ్యేళ్ళు దాటింది.

ఇదంతా చెప్పేసరికి మనవడు నా కుర్చీ పక్కన చేరి నోరు తెరుచుకుని వింటున్నాడు. "మిల్లోడే తాతయ్యా, మిమ్మల్ని చెడగొట్టింది" అన్నాడు ధీమాగా.

"సరే. మీ నలుగురిలో ముందు కనుబొమ గీయించుకుందామని అన్నదెవరురా?"

వాడి చేయి కనుబొమ మీదికి పోయింది. "నేనే" అన్నాడు చివరికి, గొంతులోనే.

అప్పుడు వాడికి, ఇంతవరకు ఎవరికీ చెప్పని ముక్క చెప్పాను. ఆ సాయంత్రం తవుడు గదిలో మోకుల మాట దానంతటదే రాలేదు. చుట్టకు లోపలి కొస ఒకటుంటుందని మిల్లోడికేం తెలుసు? మా ముగ్గురి ముందు వాడు మొహం వేలాడేసి కూర్చుంటే, ఒక్కసారి వాడికంటే పెద్దవాణ్ణి అనిపించుకోవాలని, "మా తాత దగ్గరుండాయి, లోపలి కొస కోస్తే ఎవుడికీ తెలవదు" అన్నది నేను. వాడు ఆ తర్వాతే అడిగాడు, ఎవడికన్నా భయమా అని. ఊరంతా వాణ్ణి తిడుతున్న రెండు గంటలూ వాడు నా పేరు ఎత్తలేదు. నేను పక్కనే ఉండి కిమ్మనలేదు.

మనవడు లేచి, "అమ్మా, నీతో ఒకటి చెప్పాలి" అంటూ వంటింట్లోకి వెళ్ళాడు. నేను ఫోను తీసి, కళ్ళజోడు పెట్టుకుని, మిల్లోడి నంబరు వెతకడం మొదలుపెట్టాను.